"బ్రిటిషోళ్ల కాలం నాటిదన్నా": పాత కంబైండ్ మెషిన్ల మీద అపోహలు - వాస్తవాలు

కర్నూలులో నా షెడ్డుకి పాత కంబైండ్ మెషిన్ గురించి ఎవరైనా ఫోన్ చేస్తే మొదటి మాట దాదాపు ఒకటే. "అన్నా, బ్రిటిషోళ్ల కాలం నాటిది, ఇప్పుడు అట్లాంటి ఇనుము యాడుంది?" కంబైండ్ అంటే తెలియనివాళ్ల కోసం: ఒకే దిమ్మ మీద రంపం, చిత్రిక పట్టే రెండు పలకలు, వాటి కింద చెక్కను ఒకే మందానికి తెచ్చే థిక్‌నెస్, పక్కన తొలి (చెక్కలో రంధ్రం) వేసే బిట్టు, అన్నిటికీ కలిపి ఒకటో రెండో మోటార్లు. అనంతపురం వైపు ఒక పెద్దాయన ఇంకో మెట్టెక్కి తన మెషిన్ మన్రో దొర కాలం నాటిదన్నాడు. మద్రాసు గవర్నరుగా చేసిన ఆ మన్రో పోయింది 1827లో, మన పత్తికొండలోనే, కలరాతో. ఆయన చూపించిన మెషిన్‌కి కరెంటు మోటారుంది, దాని మీద 1440 ఆర్‌పీఎం అని కూడా ఉంది. నేనేం మాట్లాడలేదు, టీ తాగి వచ్చేశాను.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ ఈ మాటల మీదే బేరాలు నడుస్తాయి, వయసు పేరు చెప్పి రెట్టింపు గుంజేవాళ్లున్నారు, అసలు సరుకుని పాత ఇనుము రేటుకి తూకం వేయించేవాళ్లూ ఉన్నారు. అందుకే తరచుగా వినేవాటికి ఒకసారి జవాబు రాసేద్దామని కూర్చున్నాను.

అపోహ: స్కేలు ఇంచుల్లో ఉంది, కాబట్టి పాతదే.

మన వడ్రంగులు ఈ రోజుకీ ఇంచులు, నూళ్లలోనే (నూలంటే ఇంచులో ఎనిమిదో వంతు) మాట్లాడతారు. గుమ్మం కొలత మిల్లీమీటర్లలో చెబితే మా ఆచారి నన్ను పైకీ కిందికీ చూస్తాడు. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చి 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలైంది, అయినా నిన్నమొన్న పోత పోసిన మెషిన్‌కి కూడా ఇంచుల పట్టీయే అతికిస్తున్నారు. పట్టీ కంటే బోల్టు నయం. బోల్టు మరలు కొలిచే గేజి (పిచ్ గేజి) ఒకటి జేబులో పెట్టుకోండి, పెద్ద ధరేమీ కాదు. బ్రిటిష్ విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, అమెరికాదీ మెట్రిక్‌దీ 60. ఇందులో ఒక తిరకాసు ఉంది: మూడు నూళ్ల బోల్టుకి విట్‌వర్త్‌లోనూ అమెరికన్ మరలోనూ ఇంచుకి 16 మరలే, కాబట్టి ఒకదాని నట్టు ఇంకోదానికి ఎక్కినట్టే ఎక్కుతుంది. అర ఇంచు బోల్టు దగ్గర దొరికిపోతుంది, విట్‌వర్త్‌కి 12, అమెరికన్‌కి 13. ఇంత చూసినా విట్‌వర్త్ ఉన్నంత మాత్రాన లండన్ నుంచి ఓడెక్కి వచ్చిందనుకోకండి, మన దేశంలో చిన్న ఫ్యాక్టరీలు మెట్రిక్ వచ్చాక కూడా చాలాకాలం ఆ మరలే కోశాయి.

అపోహ: నేమ్ ప్లేటు మీద ఉన్నదే మెషిన్ పుట్టుక.

చాలాసార్లు అది చేసినవాడి ప్లేటు కాదు, అమ్మినవాడిది. డీలరు తన దుకాణం పేరుతో రేకు కొట్టి రెండు రివెట్లు వేసి పంపేవాడు. అయితే ఆ రేకు పనికిరాదని కాదు, నాకు అందరికంటే ఎక్కువ కబుర్లు చెప్పేది అదే, చదివే పద్ధతి తెలియాలంతే. పేరు వదిలేసి అడ్రస్ చూడండి. ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, అది ఉంటే ఆ రేకు దాని తర్వాతదే. "మద్రాస్-1" అని ఊరు పక్కన ఒక్క అంకెతో ఆగిపోతే అంతకుముందుది కావచ్చు, పాత అలవాటు పోనివాడిదీ కావచ్చు. కడపకి ఇంగ్లీషులో "కడ్డపా" అని పలికే పాత స్పెల్లింగు ఉంటే ఆశపడకండి, అది అధికారికంగా మారింది 2005లో.

మన సీమవాళ్లకి బాగా పనికొచ్చేది బళ్లారి. ఒకసారి ఆదోనిలో మూతపడ్డ ఒక కొట్టంలో దొరికిన మెషిన్ కాలి మీద ఇంత మందాన గ్రీజు, పొట్టు కలిసి గట్టిపడి ఉంటే వెదురుబద్దతో గీకాను. ముందు "బళ్లారి" బయటపడింది, ఇంకాస్త గీకితే దాని కింద "మైసూర్ స్టేట్". బళ్లారి మద్రాసు నుంచి విడిపోయి మైసూర్‌లో కలిసింది 1953 అక్టోబరు 1న, మన ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా పుట్టిన రోజే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం మాత్రం ఇటు వచ్చాయి. మైసూర్ రాష్ట్రం పేరు కర్ణాటక అయింది 1973 నవంబరు 1న. అంటే ఆ రేకు కొట్టించింది ఈ ఇరవై ఏళ్ల మధ్యే. మెషిన్ అంతకంటే పాతది కావచ్చేమో గానీ, ఆ డీలరు దాన్ని అమ్మిన కాలం చేతికి దొరికినట్టే.

ఐఎస్ఐ ముద్ర ఉంటే పాతదని ఇంకొందరు. ఆ సంస్థ పేరు 1987లోనే బీఐఎస్‌గా మారింది, ముద్ర మాత్రం ఇప్పటికీ ఐఎస్ఐనే. దాంతో తేలేదేమీ లేదు.

పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన అంకెలు ఇంకో గొడవ. నంద్యాల నుంచి ఒక తమ్ముడు ఫోటో పంపాడు, కాలి మీద 1936 అని ఉంది, ఆనందం పట్టలేకపోతున్నాడు. రెండో కాలు కూడా తీసి పంపమన్నాను. దాని మీద 1937. ఒక కాలు చేసి ఏడాది ఆగి రెండోది చేస్తారా? అవి నమూనా నంబర్లు, కుడి ఎడమ విడివిడిగా పోత పోసుకోవడానికి వేసుకున్నవి.

బేరింగు మీద "వెస్ట్ జర్మనీ" ఉంటే ఆ బేరింగు 1990 ముందు తయారైందని మాత్రం చెప్పొచ్చు. ఆ మెషిన్ నలభై ఏళ్లలో ఎన్ని బేరింగులు మింగిందో ఎవడికి తెలుసు. నేనైతే ఏ ఒక్క గుర్తు పట్టుకునీ వయసు చెప్పను, కనీసం మూడు గుర్తులు ఒకే దశాబ్దం వైపు చూపించాలి, అప్పుడు కూడా "సుమారు" అనే అంటాను.

అపోహ: బరువుంటే అసలుది, తేలికైతే నకలు.

పంజాబ్‌లోని బటాలా లాంటి చోట్ల పోత పోసిన మెషిన్లు కొన్ని మోయడానికి నలుగురు చాలరు. బరువుతో తేలదు. ఒరిజినల్ మెషిన్ భాగాన్నే నమూనాగా ఇసుకలో అచ్చు తీసి పోత పోస్తే, పోతినుము చల్లారేటప్పుడు అడుగుకి సుమారు ఒక నూలు కుంచించుకుంటుంది. మూడడుగుల పలక నకలులో మూడు నూళ్లు తక్కువ వస్తుంది. అసలు కొలత మీకు తెలిస్తే టేపుతోనే పట్టేయొచ్చు. నకలు అంటే చెత్త అని మాత్రం నేననను, పలక మట్టంగా ఉంటే నాకు రెండూ ఒకటే.

అపోహ: వరదలో మునిగిన మెషిన్ పాత ఇనుముకే.

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు పాతబస్తీలో మెషిన్లు నీళ్ల కింద ఉండిపోయాయి. అలాంటిది ఒకటి చాలా ఏళ్ల తర్వాత నా దగ్గరికి వచ్చింది. దిమ్మ బోర్లించి అడుగు రేకు ఊడదీస్తే లోపల ఒండ్రు మట్టి, ఎండిన చెరువు అడుగులాగా పెంకులు పెంకులుగా పగిలి, పెంకు పెంకుకీ మధ్య ఎర్రటి తుప్పు గీత. (వయసు చెప్పే గుర్తుల్లో ఇది మన ఊరికే ప్రత్యేకం, ఒండ్రు ఉందంటే 2009 నాటికే అది ఊళ్లో ఉన్నట్టు.) పోతినుముకి ఆ నీళ్లు చేసిందేమీ లేదు, పై పొర తుప్పు తప్ప. బేరింగులు మాత్రం కడిగి వాడదామని చూడకండి, లోపల చేరిన మట్టి గీకుతూనే ఉంటుంది. 6205 కావాలంటే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, లోపలి రంధ్రం 25, బయట 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. రెండు పక్కలా రబ్బరు సీలున్నవి వేయండి, పొట్టు దూరదు. మోటారుని వైండింగ్ షాపులో ఆరబెట్టించి మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటరు) పెట్టించకుండా స్విచ్ వేయకండి.

అపోహ: బాగుచేయడం అంటే కొత్తదానిలా మెరిపించడం.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. మొదట్లో ఒక ఇత్తడి ప్లేటుని బఫింగ్ చక్రానికి పెట్టాను. అద్దంలా మెరిసింది. నంబరు కూడా పోయింది. పైపైన యాసిడ్‌తో చెక్కిన అక్షరాలవి, పది సెకన్లు పట్టలేదు. ఆ మెషిన్ ఎప్పటిదో ఇక ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు ప్లేటుకి సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ, అంతే.

పాత రంగుని పొడిగా గ్రైండరుతో లేపడం ఇంకో పిచ్చి పని. అందులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వేసే రంగుల్లోనే సీసాన్ని 90 పీపీఎంకి కట్టడి చేసిన నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. తడిపి గీకండి, ముక్కుకి సరైన మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని అటు రానివ్వకండి.

తుప్పుకి యాసిడ్ అక్కర్లేదు. ప్లాస్టిక్ డ్రమ్ము నీళ్లలో బట్టల సోడా కలిపి, బ్యాటరీ చార్జరు మైనస్ మీ భాగానికి, ప్లస్ ఒక పనికిరాని ఇనుప ముక్కకి తగిలించి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి తుప్పు నల్లటి మసిలా బ్రష్షుకి వచ్చేస్తుంది. ప్లస్‌కి స్టెయిన్‌లెస్ స్టీలు వద్దు, విషపు క్రోమియం దిగుతుంది. అల్యూమినియం భాగాలు ఆ డ్రమ్ములో వేయకండి, తినేస్తుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టండి, పక్కన బీడీ వద్దు.

శుభ్రం చేశాక పలకలకి బుడ్డల (వేరుశనగ) నూనె పూసేవాళ్లున్నారు, మా వైపు అది ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది కదా. కొన్నాళ్లకి జిగురు కట్టి పొట్టునంతా పట్టుకుంటుంది. తెల్ల కొవ్వొత్తి రుద్ది గుడ్డతో తుడవండి, చెక్క జారుతుంది.

రంగు కంటే ముందు చూడాల్సింది పలకలు. వెనక పలక సరిగ్గా బ్లేడు కొస ఎత్తులో ఉండాలి. సన్నటి నిటారు చెక్కముక్కని వెనక పలక మీద పెట్టి, ప్లగ్ పీకేసి, బ్లేడ్లు బిగించిన బ్లాకుని చేత్తో తిప్పితే ప్రతి బ్లేడూ ఆ చెక్కని ఒకేలాగా మూడు నాలుగు మిల్లీమీటర్లు ముందుకి లాగాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ లాగితే ఎంత మెరిసినా చెక్క మీద అలలే.

అపోహ: పాత మెషిన్‌ని ఉన్నది ఉన్నట్టే ఉంచాలి.

ప్లేటు విషయంలో అవును. నాలుగు పక్కల చదరపు బ్లాకు విషయంలో కాదు. బ్లాకుకీ పలకకీ మధ్య అంత ఖాళీ ఉంటుంది కాబట్టి చెయ్యి లోపలికి పోతుంది. బ్రిటన్‌లో చేత్తో తోసే చిత్రిక మెషిన్లకి గుండ్రటి బ్లాకే ఉండాలని 1922లోనే నిబంధన పెట్టారు. చదరపుది తీసి అల్మరాలో దాచుకోండి, గుండ్రటిది చేయించి బ్యాలెన్స్ పెట్టించి వేయండి. ఇంకోటి స్టార్టరు. పాతవాటికి నేరుగా మెయిన్ స్విచ్చే ఉంటుంది. కరెంటు పోతుంది, మనిషి స్విచ్ కట్టేయడం మర్చిపోయి బ్లేడు మారుద్దామని చెయ్యి పెడతాడు, కరెంటు వస్తుంది. మన ఊళ్లలో కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాడెవడు? డీఓఎల్ స్టార్టరులో కరెంటు పోగానే కాయిల్ వదిలేస్తుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితే గానీ తిరగదు. ఈ ఒక్కదానికీ నా దగ్గర బేరం లేదు, అది వద్దన్నవాళ్లకి మెషిన్ ఇవ్వను.

చివరిగా అమెరికా నుంచి తెచ్చుకునేవాళ్ల సంగతి. కడపాయన ఒకాయన షాప్‌స్మిత్ 10ఈఆర్ కంటైనర్‌లో వేసుకొచ్చాడు. కాలిఫోర్నియాలో హాన్స్ గోల్డ్‌ష్మిట్ తయారుచేసిన రకం, 1947లో మార్కెట్లోకి వచ్చింది, రంపం, లేత్, డ్రిల్లు, శాండింగ్ అన్నీ రెండు గొట్టాల మీదే. 1950ల మొదట్లో దాని స్థానంలో మార్క్ ఫైవ్ వచ్చింది, ఆ రూపం దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు కాబట్టి మార్క్ ఫైవ్‌ని చూపుతో వయసు కట్టలేం. ఈయన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే చాలనుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. 1725 తిరగాల్సిన మోటారు 1440 దగ్గర నడుస్తూ అన్నం ఉడికించేంత వేడెక్కింది. 10ఈఆర్‌లో మోటారు విడిగా వేలాడుతుంది కాబట్టి బతికిపోయాడు. దాన్ని తీసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టాం, ఇక్కడి సింగిల్ ఫేజ్ 1440 మోటారు తగిలించి, మోటారు పుల్లీని ఐదో వంతు పెద్దది వేశాం, వేగం మళ్లీ సరిపోయింది.

ఫోన్ చేసే ముందు నాలుగు ఫోటోలు తీసి పంపండి: ప్లేటు, బ్లాకు, ఒక అర ఇంచు బోల్టు పక్కన స్కేలు పెట్టి, దిమ్మ లోపల టార్చి వేసి ఒకటి. ప్లేటు మాత్రం తుడవకుండానే తీయండి.