నొప్పుల సూది, తొలి కానుపు: లేబర్ గదిలో నేను వినే అపోహలు, చెప్పే వాస్తవాలు

తొలి కానుపు పుట్టింట జరగాలన్నది మా గోదావరి డెల్టాలో ఇప్పటికీ గట్టిగా నిలిచి ఉన్న ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కూతురిని ఇంటికి తెచ్చుకున్న తల్లి తన కానుపుల అనుభవాన్నే కొలతగా పెట్టుకుని కూతురి కానుపును చూస్తుంది. ప్రసూతి వైద్యురాలిగా నేను ఎక్కువగా మాట్లాడవలసి వచ్చేది గర్భిణులతో కాదు, లేబర్ గది బయట బల్ల మీద కూర్చున్న ఆ తల్లులతో, అత్తగార్లతోనే. నొప్పులు వాటంతట రానప్పుడు మందులతో తెప్పించే కానుపు గురించి వారికి ముందుగా సరైన మాట చెప్పకపోతే, రెండో రోజుకల్లా వారి భయం లోపల పడుకున్న అమ్మాయికి అంటుకుంటుంది. కొంతకాలం క్రితం గోదావరి పాయల మధ్య ఉండే ఒక లంక గ్రామం నుంచి వచ్చిన తొలిచూలు అమ్మాయి కానుపును దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

అపోహ: “నొప్పుల సూది వేస్తే గంటలో కానుపు అయిపోతుంది.”

ఆ అమ్మాయికి 41 వారాలు నిండినా నొప్పుల జాడ లేదు. పరీక్ష చేస్తే గర్భాశయ ముఖద్వారం గట్టిగా, పొడవుగా, మూసుకుని ఉంది. ద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తబడింది, ఏ దిక్కుకు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది అనే అయిదు విషయాలకు మార్కులు వేసి నొప్పులకు శరీరం ఎంత సిద్ధంగా ఉందో అంచనా వేసే పద్ధతిని ఎడ్వర్డ్ బిషప్ అనే వైద్యుడు 1964లో ప్రకటించాడు. నేటికీ మేము వాడేది దాన్నే. మార్కులు 6 లేదా అంతకంటే తక్కువగా ఉంటే ముందు ద్వారాన్ని మెత్తబరచాలి, ఆ తరవాతే నొప్పుల మందు. మెత్తబరచడానికి జెల్ పెడతాము, లేదా 25 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ మాత్రలు నిర్ణీత వ్యవధిలో ఇస్తాము, లేదా ఫోలీ గొట్టాన్ని లోపలికి పంపి దాని చివరి బుడగను నీటితో నింపుతాము. ఆ బుడగ లోపలి నుంచి ద్వారాన్ని నొక్కుతూ ఉండి, ద్వారం సుమారు 3 సెంటీమీటర్లు తెరుచుకున్నాక తానే జారి బయటికి వస్తుంది.

ఈ అమ్మాయికి ఉదయం పెట్టిన బుడగ రాత్రికి జారింది. మర్నాడు పొద్దున ఉమ్మనీటి సంచి తెరిచి, నొప్పులు తెప్పించే మందు ఆక్సిటోసిన్ డ్రిప్ మొదలుపెట్టాము. ఆ సాయంత్రం వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి, “సూదేస్తే గంటలో అయిపోద్దన్నారండి, రెండు రోజులయింది, పిల్ల ఏమైపోద్దోనండి” అని కన్నీళ్లు పెట్టుకుంది. నిజానికి అప్పటిదాకా జరిగినదంతా సరిగ్గానే జరిగింది. తొలి కానుపులో ద్వారం మెత్తబడే దశకే ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టడం సహజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం చురుకైన నొప్పుల దశను 5 సెంటీమీటర్ల నుంచి లెక్కించాలి. ఆ దశ కూడా తొలి కానుపులో 12 గంటల వరకు సాగవచ్చు. గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదు. మొదటి మాత్ర వేసిన క్షణం నుంచి నొప్పుల గంటలు లెక్కపెడితే ప్రతి కానుపూ ఆలస్యంగానే కనిపిస్తుంది. ఈ సంగతి చేర్చుకునే రోజునే చెప్పకపోవడం మా వైద్యుల వైపు లోపమని నేను ఒప్పుకుంటాను. ఆ అమ్మాయి కుటుంబానికి నేను “రేపటికల్లా చూద్దాం” అన్నానే తప్ప, రెండు రోజులు పట్టవచ్చని విడమరచి చెప్పలేదు.

అపోహ: “గేదెలకు పాలు చేపడానికి వేసే సూదే మనుషులకూ వేస్తున్నారు.”

పాడి ఉన్న ప్రతి ఊరిలోనూ ఈ మాట వింటాను, అందులో సగం నిజం ఉంది కాబట్టి కొట్టిపారేయను. రెండూ ఆక్సిటోసినే. బిడ్డ చనుమొన పట్టగానే పాలు చేపేలా చేసేది, గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసేది తల్లి మెదడు నుంచి విడుదలయ్యే ఈ ఒక్క హార్మోనే. పాలిచ్చేటప్పుడు బాలింతకు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు ఉండడానికి కారణం కూడా ఇదే. విన్సెంట్ డు విన్యో 1953లో దీన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. 1955లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. పశువులకు దీన్ని ఇష్టారాజ్యంగా వాడడం తప్పు. ఆ తప్పు వల్ల ప్రసూతి గదిలో ప్రాణాలు నిలిపే మందు చెడ్డది కాబోదు.

అసలు భయపడవలసింది మందు పేరుకు కాదు, అది ఇచ్చే తీరుకు. నరానికి ఎక్కించే డ్రిప్‌లో చుక్కలను లెక్కించి తగ్గించవచ్చు, ఆపవచ్చు. ఆపితే కొద్ది నిమిషాల్లోనే దాని ప్రభావం తగ్గడం మొదలవుతుంది. అదే మందును కానుపుకు ముందు ఇంటి దగ్గర ఎవరైనా కండకు సూదిగా పొడిస్తే దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. గర్భాశయం విరామం లేకుండా బిగుసుకుపోయి బిడ్డకు ప్రాణవాయువు అందకపోవచ్చు, గర్భాశయం చిట్లిపోవచ్చు కూడా. నొప్పులు తొందరగా వస్తాయని ఊళ్లో ఎవరు సూది వేస్తామన్నా దయచేసి ఒప్పుకోవద్దు.

ఆసుపత్రిలోనూ ఈ ప్రమాదం లేకపోలేదు, అందుకే పక్కన మనిషి ఉండి చూస్తూనే ఉండాలి. ఆ అమ్మాయికి రెండో రాత్రి 10 నిమిషాల్లో ఆరు నొప్పులు వచ్చాయి. అయిదు దాటితే అతిగా ఉన్నట్టు లెక్క. బిడ్డ గుండె వేగం పడిపోయింది. డ్రిప్ ఆపి, ఆమెను ఎడమ పక్కకు తిప్పి, సెలైన్ పెంచగానే బిడ్డ గుండె వేగం కోలుకుంది. అరగంట గమనించాక డ్రిప్‌ను తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టాము.

అపోహ: “తొమ్మిది నెలల తొమ్మిది రోజులు దాటితే ముప్పు, మంచి రోజు చూసి నొప్పులు తెప్పించుకుంటే మేలు.”

చివరి బహిష్టు మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు, అన్నది అంచనా మాత్రమే. దానికి అటూ ఇటూ కానుపు కావడం మామూలే. తొలి మూడు నెలల్లో తీసిన స్కాన్ తేదీ అన్నిటికంటే నమ్మదగినది, ఆ కాగితాన్ని భద్రంగా ఉంచుకోవాలి. 41 వారాలు దాటాక బిడ్డకు ముప్పు క్రమంగా పెరుగుతుంది కాబట్టి అప్పుడు నొప్పులు తెప్పించడం మంచిది. బీపీ 140/90కి చేరి మూత్రంలో ప్రోటీన్ పోతున్నా, మధుమేహం ఉన్నా, నెలలు నిండాక ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోయినా, బిడ్డ ఎదుగుదల ఆగినా అంతకంటే ముందే నిర్ణయం తీసుకోవలసి రావచ్చు. కారణమేదీ లేకుండా ముహూర్తం కోసం 39 వారాల లోపు బిడ్డను బయటికి తేవడం మాత్రం నేను అంగీకరించను. పుట్టాక ఊపిరి ఆడక ఆయాసపడే బిడ్డల్లో అలా వచ్చినవారు ఉంటారు.

లంకల విషయం కొంత వేరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల నుంచి నెలలు నిండినవారిని పడవల్లో తరలించవలసి వచ్చింది. వరద కాలంలో తేదీ దగ్గరపడితే ముందుగానే గట్టున ఉన్న బంధువుల ఇంటికి చేరండి. అది చాలు, రేవు దాటడం కష్టమన్న ఒక్క కారణంతో నొప్పులు తెప్పించనక్కరలేదు.

అపోహ: “నొప్పులు తెప్పిస్తే చివరికి పెద్ద ఆపరేషనే.”

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కానుపులు సిజేరియన్‌తో జరిగాయి కాబట్టి ఈ భయానికి ఆధారం లేదని నేను అనలేను. అయితే ఆ నిందను నొప్పుల మందు మీద వేయడం సరికాదు. ఏ ఇబ్బందీ లేని తొలిచూలు గర్భిణులపై అమెరికాలో జరిపి 2018లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, 39వ వారంలో నొప్పులు తెప్పించినవారిలో 18.6 శాతానికి, వేచి ఉన్నవారిలో 22.2 శాతానికి సిజేరియన్ అయింది. అందరికీ 39వ వారంలోనే తెప్పించాలని దీని అర్థం కాదు. సహనంతో చేస్తే ఆపరేషన్లు పెరగవని మాత్రమే. సంచి తెరిచి డ్రిప్ పెట్టాక తల్లీబిడ్డలు క్షేమంగా ఉన్నంతవరకు కనీసం 12 నుంచి 18 గంటలు చూడకుండా “నొప్పులు ఫెయిలయ్యాయి” అనకూడదు. ఆ గడువు లోపల ఎవరైనా ఆపరేషన్ అంటే కారణం అడగండి. బిడ్డ గుండె గురించి చెబితే మాత్రం జాప్యం చేయకండి.

మరికొన్ని మాటలకు జవాబు క్లుప్తంగా చెప్పవచ్చు. ఆముదం తాగిస్తే విరేచనాలతో నీరసం వస్తుంది, నొప్పులు రావడం ఖాయం కాదు. బొడ్డుపేగు బిడ్డ మెడకు చుట్టుకోవడం చాలా కానుపుల్లో కనిపించేదే, అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. ముప్పు లేని గర్భిణిని నొప్పుల్లో పస్తు ఉంచనక్కరలేదు. వైద్యులు వద్దనకపోతే మజ్జిగ, కొబ్బరినీళ్లు, తేలికైన జావ ఇవ్వవచ్చు.

అపోహ: “కానుపు తరవాత పోయేది చెడు రక్తం, పోనివ్వాలి.”

నన్ను అన్నిటికంటే కలవరపెట్టే మాట ఇది. నెలలు నిండిన గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. మాయ విడిపోయాక ఆ రక్తనాళాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటి చుట్టూ అల్లుకున్న కండర పోగులు బిగుసుకుని నాళాలను నొక్కి పట్టినప్పుడే రక్తం ఆగుతుంది. గంటల తరబడి ఆక్సిటోసిన్ అందుకున్న గర్భాశయం ఆ మందుకు స్పందించడం తగ్గుతుంది, అలసిన కండరం వదులుగా ఉండిపోతుంది. కాబట్టి నొప్పులు తెప్పించిన దీర్ఘ కానుపు తరవాత మరింత జాగ్రత్త అవసరం.

ఆ అమ్మాయి తెల్లవారుజామున, బిడ్డ తలను పట్టి బయటికి లాగే వ్యాక్యూమ్ పరికరం సాయంతో మూడు కిలోల పాపను కన్నది. పాప వెంటనే ఏడ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్న ఆ పది నిమిషాల్లోనే తల్లి గర్భాశయం మెత్తబడి రక్తం ధారగా వచ్చింది. బయట బల్ల మీది పెద్దలు “మైల పోతోంది, మంచిదే” అనుకుంటున్నారు. 500 మిల్లీలీటర్లు దాటితే అది రక్తస్రావమే. కంటి అంచనా ఎప్పుడూ తక్కువే చూపుతుంది కాబట్టి కొలిచే సంచి ఉన్న షీటు కింద పరవాలి. గర్భాశయాన్ని మర్దన చేస్తూ, మందులు మారుస్తూ, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం ఇచ్చి, రెండు యూనిట్ల రక్తం ఎక్కించాక ఆమె కోలుకుంది. ట్రానెక్సామిక్ ఆమ్లం కానుపైన మూడు గంటల లోపే పనిచేస్తుంది, అందువల్ల “కాసేపు చూద్దాం” అన్న మాటకు అక్కడ చోటు లేదు. ఇంటికి వెళ్లాక కూడా గంటకో ప్యాడ్ తడిసినా, పెద్ద గడ్డలు పడినా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయాలి.

అపోహ: “నొప్పులు వాటంతట రాలేదంటే ఆ తల్లిలోనే లోపం.”

మూడో రోజు పాపకు పాలిస్తూ ఆమె నన్ను అడిగిన ప్రశ్న ఇదే: “మా అక్కకి ఇంట్లోనే నొప్పులొచ్చాయండి. నాకు రాలేదంటే నా ఒంట్లో ఏదో తక్కువేనా?” వాళ్లమ్మ పక్కనే తల దించుకుని కూర్చుంది, ఆ మాట ఇంట్లో ఎవరో ముందే అన్నారని నాకు అర్థమైంది. నొప్పులు ఎప్పుడు మొదలవుతాయన్నది తల్లి బలానికో పనిమంతురాలు కావడానికో సంబంధించినది కాదని, తొలిచూలులో తేదీ దాటడం సాధారణమని, రక్తస్రావం ఆమె చేసిన తప్పు వల్ల రాలేదని ఇద్దరికీ వినిపించేలా చెప్పాను. ఒకసారి తెరుచుకున్న ద్వారం రెండో కానుపులో సాధారణంగా త్వరగా స్పందిస్తుందని కూడా చెప్పాను. కష్టమైన కానుపు తరవాత రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, నిద్రపట్టకపోతే, ఆ రాత్రి మళ్లీ మళ్లీ కళ్ల ముందు కదులుతుంటే అది గారాబం కాదు, చికిత్స ఉన్న బాధ.

డిశ్చార్జి కాగితంలో నొప్పులు ఏ కారణంతో, దేనితో తెప్పించారో, ఎంత రక్తం పోయిందో, ఎన్ని యూనిట్లు ఎక్కించారో రాయించుకోమన్నాను. రక్తస్రావం ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి వచ్చే కానుపు బ్లడ్ బ్యాంకు ఉన్నచోటే జరగాలని ఆ కాగితం మీద ఎర్ర సిరాతో నేనే రాసి, దాన్ని వాళ్లమ్మ చేతికి ఇచ్చాను.