కొండ గూడలకి హైబ్రిడ్ కరెంటు గోల ఎక్కడ్నుంచి వచ్చింది

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవర, జాతాపు గిరిజనుల గూడల (చిన్న చిన్న ఊళ్ల) సంగతి ఇది. 2022 ఏప్రిల్ దాకా ఇవి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే ఉండేవి, ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. సోలార్, గెడ్డ (కొండవాగు) నీళ్లు, బ్యాటరీ కలిపి హైబ్రిడ్ కరెంటు పెట్టాలనగానే "లైను లాగేస్తే పోద్ది కదా, ఇదంతా ఎందుకు" అంటారు చాలామంది.

లైను సంగతి పాతదే. ఒడిశా హద్దు కొండల్లోని జలవిద్యుత్ కేంద్రం మాచ్‌ఖండ్‌లో 1955లోనే కరెంటు పుట్టింది, కానీ అది కొండ దిగి మైదానానికొచ్చింది. ఆ తర్వాత లెక్కల మాయ. 1997 దాకా రెవెన్యూ గ్రామం హద్దులో ఎక్కడో ఒక మోటారు తిరిగినా ఊరంతటికీ కరెంటొచ్చినట్టే, 2004లో మార్చేరు గానీ అప్పుడైనా నూటికి పది ఇళ్లకి ఉంటే చాలన్నారు. ఒక్కో రెవెన్యూ గ్రామం కింద దూరదూరంగా ఎన్నో గూడలుంటాయి మరి! 2018 ఏప్రిల్ 28న దేశంలో ఊళ్లన్నిటికీ కరెంటొచ్చేసిందని ప్రకటించినా, ఆ లెక్క ఊళ్లది, ఇళ్లది కాదు.

లైను వెళ్లని చోట్లకని 2000ల్లో సోలార్ కిట్లు పెట్టేరు. 37 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల 40 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ, రెండు సీఎఫ్‌ఎల్ బల్బులు. ప్యానెల్‌కి ఇరవై ఏళ్లు ఢోకా ఉండదు, బ్యాటరీ మాత్రం నాలుగైదేళ్లకి చస్తుంది. రెండో బ్యాటరీ ఎవరు కొనాలన్నది సరిగ్గా తేల్చకుండా కిట్లు పంచడమే నా దృష్టిలో అసలు తప్పు, సోలార్‌ది కాదు.

ఇక డిజైన్. ఒక గూడలో 40 ఇళ్లు అనుకోండి, ఇంటికి రెండు 9 వాట్ల ఎల్‌ఈడీలు ఐదు గంటలు, తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ఎనిమిది గంటలు వేస్తే రోజుకి దాదాపు 13 యూనిట్లు. బ్యాటరీలో, ఇన్వర్టర్లో నూటికి 30 పోతుందనుకుని, రోజుకి 5 గంటల గట్టి ఎండ వేసుకుంటే 4 కిలోవాట్ల ప్యానెళ్లు చాలు, అదే జులై ముసుర్లో ఎండ 3 గంటలకి పడిపోతే 6 దాటాలి, పైగా రెండుమూడ్రోజులు మబ్బు పడితే అన్ని రోజులకీ బ్యాటరీ కావాలి, ఖర్చంతా అక్కడే.

కానీ ఎండ లేని ఆ నెలల్లోనే గెడ్డలు పొంగుతాయి. సెకనుకి 10 లీటర్లు, 20 మీటర్ల పల్లం ఉంటే, చిన్న టర్బైన్ తిప్పితే సగం పోయినా ఒక కిలోవాట్ రాత్రీపగలూ వస్తుంది, అంటే రోజుకి 24 యూనిట్లు. ఎండాకాలం గెడ్డ ఎండిపోతే సోలార్ ఉంటుంది. గాలిమర కూడా పెట్టాలంటారు కొందరు, ఏడాదంతా గాలి కొలవకుండా దానికి డబ్బు పెట్టడం దండగ.

లైనున్నంత మాత్రాన భరోసా లేదని 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాన్లు చూపించాయి. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో రోడ్డు పక్క ఊళ్లకే కరెంటు రావడానికి రోజులు పట్టింది, కొండ మీద స్తంభం పడితే ఎప్పుడు నిలబెడతారు?

2023 నవంబర్‌లో మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్‌లో కొండ సవరల్లాంటి తెగల ఇళ్లకి 0.3 కిలోవాట్ల సోలార్ అన్నారు. 37 వాట్లతో పోలిస్తే చాలా నయం. అయినా ఏ గూడకైనా కాగితం మీద డిజైన్ వస్తే ముందు చూడాల్సినవి రెండు: మే నెలలో గెడ్డ కొలిచేరా లేదా, ఐదో ఏడాది బ్యాటరీకి డబ్బు ఏ పద్దులో రాసేరు.