ఇంటిబండి ఎందుకు ఊగుతుంది? – పిల్లలకు ఉత్తరం

హనుమకొండ

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు. మీతో కలిసి ఈ ఉత్తరం చదివే మీ స్నేహితులకు కూడా.

మొన్న లక్నవరం నుంచి తిరిగి వస్తుంటే చిన్నమ్మాయి మొహం వాడిపోయి, కిటికీకి తల ఆనించుకుని ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, బస్సులో వెళ్తే నాకేమీ కాదు. మన బండిలోనే కడుపులో ఎందుకు తిప్పుతుంది?" పొద్దున చెబుతానన్నాను. పొద్దున లేచేసరికి మీరు బడికి వెళ్లిపోయారు. నలభై ఏళ్లు బస్సుల కింద పడుకుని పని చేసినవాణ్ణి, ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోలేను. అందుకే ఈ ఉత్తరం.

మీ నాన్న ఎంతో ఇష్టంగా ఆ పాత వ్యానులో మంచాలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు అమర్చి ఇల్లులా మార్చాడు. ఆ రోజు నుంచి దానికి రెండు జబ్బులున్నాయి. మొదటిది ఎత్తెత్తి వేయడం: స్పీడు బ్రేకరు వస్తే గిన్నెలన్నీ ఒక్కసారి మోగుతాయి. రెండోది ఊగడం: మలుపులో, పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడు బండి అటూ ఇటూ తూలుతుంది. చిన్నమ్మాయి కడుపు తిప్పింది ఎక్కువగా ఈ రెండోదే. రెండూ చక్రాల దగ్గరే పుడతాయి కాబట్టి ఒకే జబ్బు అనుకుంటారు. కాదు. ఒకదానికి వేసిన మందు రెండోదాన్ని ముదిరేలా చేయగలదు.

మన బండికి జరిగింది అలాంటిదే. వెనుక భాగం కుంగుతోందని మీ నాన్న ఒక వర్క్‌షాపుకు తీసుకెళితే, వాళ్లు ఏమీ తూచకుండా, కొలవకుండా ఆరు పట్టీల కమాను కట్టకు, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుకు, ఇంకో రెండు పట్టీలు వేసి పంపారు. పట్టీలన్నీ ఒకే మందం అనుకుంటే, ఆరు ఎనిమిదయ్యేసరికి కట్ట గట్టిదనం మూడో వంతు పెరిగింది. బండి లేచి నిలబడింది, చూడటానికి బాగుంది. కానీ గుంతల దెబ్బ ముందుకంటే నేరుగా నడుముకు తగలడం మొదలైంది.

పెద్దవాడు ఇంటర్‌లో ఫిజిక్స్ చదువుతున్నాడు కదా, వాడికో లెక్క. బరువు మీద పడినప్పుడు కమాను ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో చూసి, దాని వర్గమూలంతో 5ను భాగించు. ఆ బండి సెకనుకు ఎన్నిసార్లు పైకీ కిందకీ ఊగుతుందో దాదాపుగా వస్తుంది. 25 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒక్కసారి. 6 సెంటీమీటర్లే కుంగితే రెండుసార్లు. ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉంటే ఒంటికి హాయి, రెండు దాటితే కుదుపు. కమానును గట్టి చేస్తే ఈ అంకె పెరుగుతుంది. ఇంకో రెండు పట్టీలు వేయించుకోమని ఎవరైనా అంటే ముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

మరి బండి కుంగితే ఏం చేయాలి? ముందు తూచాలి. ఒక్క పానా ముట్టుకోకముందే ధర్మకాంటాకు, అంటే బండిని మొత్తంగా తూచే పెద్ద కాంటాకు, వెళ్లాలి.

దీని గురించి నాకు మొదట నేర్పింది మా నాన్న, అదీ మేడారం దారిలో. రెండేళ్లకోసారి జాతరకు ఎడ్లబండిలోనే వెళ్లేవాళ్లం. అమ్మవార్లకు సమర్పించే బంగారం, అంటే బెల్లం, గోనెసంచుల్లో ఉండేది. ఒకసారి సంచులన్నీ బండి వెనక చివర వేశాం. కాడి పైకి లేచిపోయింది. ఎడ్ల మెడ కింది తాడు గొంతుకు ఒరుసుకుంటోంది, అవి తల ఎగరేస్తూ అడుగు తీసి అడుగు వేయడం లేదు. నాన్న దిగి, ఏమీ మాట్లాడకుండా రెండు సంచులు ఇరుసుకు ముందువైపు జరిపాడు. కాడి మెడల మీదకు దిగింది, ఎడ్లు నడిచాయి. బరువు ఒక్క గ్రాము తగ్గలేదు, అది ఉన్న చోటు మాత్రమే మారింది.

మన వ్యానులో నీళ్ల ట్యాంకు సరిగ్గా ఆ బెల్లం సంచుల చోటే ఉంది. 160 లీటర్లు, అంటే 160 కిలోలు, వెనక ఇరుసుకు మీటరు వెనుక. రెండు ఇరుసుల మధ్య దూరం నాలుగు మీటర్లు. తూగుబల్ల లెక్క వేస్తే వెనక చక్రాల మీద పడేది 160 కాదు, 200 కిలోలు. ఆ అదనపు 40 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచి వెళ్లినవే. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగుకు పట్టు తగ్గుతుంది. గాలి కొడితే బండి దారి తప్పుతున్నట్టు అనిపించేది ఇందుకే.

కాంటా మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, మొత్తం బండిని ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఇంకోసారి తూయించాను. ట్యాంకు నిండా నీళ్లతో ముందు 1,280, వెనక 2,620 కిలోలు వచ్చింది. ట్యాంకును రెండు ఇరుసులకూ సరిగ్గా మధ్యకు, మంచం కిందకు మార్చాక ముందు 1,400, వెనక 2,500. వీటిని తలుపు దగ్గర ప్లేటు మీద కంపెనీ రాసిన హద్దులతో పోల్చుకోవాలి. హద్దు దాటితే ఏ కమానూ కాపాడదు, సామాను దించాల్సిందే. వీలైతే ఎడమ, కుడి వైపులు కూడా విడిగా తూయించండి. మన బండిలో వంటగట్టు, బ్యాటరీలు రెండూ ఒకే వైపు ఉన్నాయి. బ్యాటరీలను రెండో వైపుకు మార్చాం.

పైన క్యారియర్ మీద కట్టిన సామానునూ దింపించాను. మీరు రామప్ప గుడి చూశారు కదా. 1213 నాటి ఆ గుడి శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. రాతి బరువంతా కింద, పైన తేలిక. బండికీ అదే కావాలి. బరువు ఎంత ఎత్తున ఉంటే మలుపులో అది బండిని అంత బలంగా పక్కకు లాగుతుంది.

బరువు సర్దాక టైర్లు. ఇది చిన్న పని, కానీ అందరూ తప్పు చేసేది ఇక్కడే. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. మన ఎండలకు టైరు వేడి పది డిగ్రీలు పెరిగితే, 65 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరులో రెండున్నర దాకా పెరుగుతుంది. మధ్యాహ్నం కొలిచి, ఎక్కువైందని గాలి వదిలేయకూడదు. ఎంత ఉండాలన్నది ఆ ఇరుసు మీద పడే బరువును బట్టి టైరు కంపెనీ పట్టికలో ఉంటుంది. అందుకే తూచాకే గాలి.

ఇక బండి కిందకు వద్దాం. నాకు ఇష్టమైన చోటు అది. వెనక కమాను కట్ట పక్కన టార్చి వేసి చూస్తే పట్టీల మధ్య ఎర్రటి తుప్పు పొడి కనిపించింది. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారితేనే చిన్న చిన్న గతుకులు వాటిలో కరిగిపోతాయి. తుప్పు పట్టి అతుక్కుంటే కట్ట మొత్తం ఒకే ఇనుప దిమ్మలా పనిచేస్తుంది. అదనంగా వేసిన రెండు పట్టీలు తీయించి, మిగిలినవి శుభ్రం చేయించి, గ్రాఫైట్ గ్రీజు పూయించాం. మధ్యలో ప్లాస్టిక్ ముక్కలున్న కట్టలకు మాత్రం కంపెనీ పుస్తకం చెప్పనిదే గ్రీజు పెట్టకూడదు. కట్ట విప్పినప్పుడల్లా, దాన్ని ఇరుసుకు బిగించే యూ ఆకారపు బోల్టులు (యూ బోల్టులు) కొత్తవి వేయాలి. పాతవి ఒకసారి సాగి ఉంటాయి, మళ్లీ అంతే బిగువు పట్టవు.

షాకబ్జార్బరు పని వేరు. కమాను బరువు మోస్తుంది, షాకబ్జార్బరు ఊపును ఆపుతుంది. లోపల నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతూ ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. పరీక్ష సులువు. గతుకుల దారిలో పది కిలోమీటర్లు నడిపి, బండి ఆపి, సైలెన్సరుకు చెయ్యి తగలకుండా నాలుగింటినీ జాగ్రత్తగా తాకి చూడండి. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లనిది పనిచేయడం లేదు. మన బండిలో వెనక ఎడమది అలాగే ఉంది, ఒంటి మీద నూనె కారిన జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లగా ఉంది. ఒకటి పోయినా జత మార్చాలి.

చివరికి ఊగడానికి అసలు మందు. రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, స్టెబిలైజర్ బార్ అంటారు. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే అది ఊరికే తిరుగుతుంది. ఒకటి లేచి ఇంకోటి దిగితే తడిబట్టను పిండినట్టు మెలితిరిగి ఎదురు నిలుస్తుంది. కాబట్టి దీన్ని గట్టి చేస్తే స్పీడు బ్రేకరు మీద కుదుపు పెరగదు, ఊగడం తగ్గుతుంది. దీని మందం మాత్రం నాలుగో ఘాతంలో లెక్కకు వస్తుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 22 వేస్తే పది శాతం లావు, కానీ గట్టిదనం 46 శాతం ఎక్కువ.

అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ మీద కట్టిన మోటార్ హోమ్‌ల యజమానులు డబ్బు ఖర్చు లేకుండా ఒక పని చేసుకుంటారు. ఆ కడ్డీ చివర రెండు రంధ్రాలుంటాయి. కడ్డీని బండికి కలిపే చిన్న లింకును బయటి రంధ్రం నుంచి లోపలి దానికి మారుస్తారు. కడ్డీ చివర వంగి ఉండే భాగం, అంటే దాని చెయ్యి, పొట్టిదవుతుంది, కడ్డీ గట్టిపడుతుంది. చెయ్యి 25 సెంటీమీటర్ల నుంచి 20కి తగ్గితే గట్టిదనం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎంత చక్కని ఆలోచనో చూడండి! మన బండికి ఆ రెండో రంధ్రం లేదు. కొత్తగా రంధ్రం వేయడానికి నేను ఒప్పుకోను, కడ్డీ అక్కడే విరుగుతుంది. మన దాంట్లో కడ్డీ బాగానే ఉంది, దాన్ని పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు అరిగి వేలు దూరేంత సందు వచ్చింది. ఆ సందు నిండేదాకా కడ్డీ పనే మొదలుపెట్టదు. బుష్‌లు మార్చాం, అంతే. వెనక కడ్డీని మరీ గట్టి చేసినా ప్రమాదమే, వానలో మలుపు తిరిగేటప్పుడు తోక జారుతుంది.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మార్చిన ప్రతిసారీ అదే దారిలో, అదే వేగంతో, అదే బరువుతో నడిపి నోటుపుస్తకంలో రాయాలి. నాలుగు పనులు ఒకేరోజు చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

పెద్దవాడికి గట్టిగా చెబుతున్నాను. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందకు తల పెట్టకూడదు. ఇనుప స్టాండ్లు వేయాలి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. ఇటుకలు పనికిరావు, అవి చెప్పకుండా పగులుతాయి. కమానును వేడి చేసి వంచడం, కోయడం చేయకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. అరిగినది మార్చడం, బరువు సర్దడం, గాలి సరిచేయడం మన పని. అంతకు మించినది రవాణా శాఖ అనుమతితోనే.

యూ బోల్టులు కొత్తవి వేశాక కొన్ని వందల కిలోమీటర్లకు మళ్లీ బిగించాలి. ఈ ఆదివారానికి మన బండి 300 తిరిగి ఉంటుంది. బిగువు కొలిచే పెద్ద పానా నా దగ్గర ఉంది. పెద్దవాడు నోటుపుస్తకం తేవాలి. చిన్నమ్మాయి ఈసారి వెనక మంచం మీద కాదు, ముందు సీట్లో కూర్చుని ములుగు దాకా రావాలి. తిరిగి వచ్చేటప్పుడు వెనక మంచం మీద కూర్చుని, కడుపులో ఎలా ఉందో తనే రాయాలి.

మీ
తాతయ్య