ధనుస్సు పెట్టాక తుఫాను ఎందుకొచ్చింది తాతయ్యా?

పిల్లలూ,

పోయిన ఆదివారం సండే స్కూల్లో జలప్రళయంలో ఓడెక్కి బతికిన నోవహు పాఠం అయ్యాక కవిటి అమ్మాయి చెయ్యెత్తి ఒక ప్రశ్న అడిగింది. గంట కొట్టే వేళైపోయింది కాబట్టి ఉత్తరం రాస్తానన్నాను, రాస్తున్నాను. అందరూ చదవండి, చిన్నవాళ్లకి పెద్దవాళ్లు చదివి పెట్టండి.

ప్రశ్న ఇదీ: "తాతయ్యా, ఇంక జలప్రళయం రాదని దేవుడు మేఘంలో ఇంద్రధనుస్సు పెట్టి మాటిచ్చాడు కదా, మరి తిత్లీ తుఫాను ఎందుకొచ్చింది? మా కొబ్బరిచెట్లు ఎందుకు పడిపోయాయి?"

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు ఈ పిల్ల చంటిది. వాళ్ల నాయనమ్మ చెప్పగా విన్నదే అంతా. కానీ ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం తీరాన ఉన్న మన తోటల సీమలో పుట్టిన పిల్లకి ఆ కథ ఒకరు చెప్పక్కర్లేదు కూడా. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు పోయినా తిత్లీకి ముందు, తిత్లీకి తర్వాత అనే లెక్కే. తాత నాటినవి, ముత్తాత నాటినవి, కొబ్బరీ జీడీ పనసా వేళ్లతో సహా పడిపోయాయి, వెనకాలే వంశధార పొంగింది. కాబట్టి ఈ ప్రశ్నని చిన్నపిల్ల ప్రశ్న అని తోసెయ్యకండి. పెద్దవాళ్లు లోపల అడుక్కునేదే ఆ పిల్ల పైకి అడిగింది.

ముందు ఆ మాట ఏమిటో సరిగ్గా చూద్దాం. బైబిల్లో ఆదికాండం తొమ్మిదో అధ్యాయం తియ్యండి. భూమిని నాశనం చెయ్యడానికి ఇక జలప్రవాహం కలగదన్నాడు. గాలివాన రాదనలేదు, చెట్టు పడదనలేదు. ఎనిమిదో అధ్యాయం చివర, భూమి ఉన్నంతవరకు వెదకాలం కోతకాలం, ఎండాకాలం చలికాలం, పగలు రాత్రి ఆగవన్నాడు. చిన్న మాట కాదిది. తిత్లీ వెళ్లిపోయిన ఏడాది కూడా సంక్రాంతికి చలి వేసింది, మృగశిరకి వాన కోసం ఆకాశం చూశాం.

ఇంకో సంగతి చూడండి. ఆ మాట నోవహుకీ కొడుకులకీ మాత్రమే ఇవ్వలేదు. పక్షులకీ పశువులకీ భూమ్మీద ఉన్న ప్రతి జంతువుకీ ఇచ్చాడు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే అని ఎక్కడా రాసిలేదు. మన వీధి చివర శివాలయం పూజారిగారికీ అది వర్తిస్తుంది, ఆయన ఆవుకీ వర్తిస్తుంది. ఆ ధనుస్సు ఎవరు చూడ్డానికి? మేఘంలో అది కనిపించినప్పుడు నేను దాన్ని చూసి నా నిబంధన జ్ఞాపకం చేసుకుంటాను అని దేవుడే అన్నాడు. నిబంధన అంటే కట్టుబడి ఉంటానని ఇచ్చిన మాట. మనం ఫోను తీసి ఫొటో కొట్టుకుంటాం గానీ, ముందు చూసేది ఆయన.

ధనుస్సు ఎప్పుడు, ఎటు కనిపిస్తుందో మీలో ఎంతమందికి తెలుసు? సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి, వాన మీ ఎదురుగా ఉండాలి. ఎండ నడినెత్తిన ఉంటే కనబడదు. సూర్యుడు ఆకాశం అంచు నుంచి 42 డిగ్రీల ఎత్తు కన్నా కింద ఉండాలి, అంటే పొద్దున్నో సాయంత్రమో. మన కవిటి వైపు సాయంత్రం పొద్దు మహేంద్రగిరి కొండ వెనక్కి దిగుతుంది, కాబట్టి సాయంత్రం ధనుస్సు సముద్రం మీదే వేస్తుంది, తుఫాను వచ్చిన దిక్కునే! వాన వెలిసిన సాయంత్రం ఒకసారి డాబా ఎక్కి కొండకి వీపు పెట్టి నిలబడండి. మీ పక్కనున్నవాడు చూసే ధనుస్సూ మీరు చూసే ధనుస్సూ కూడా ఒకటి కావు, వాడి కంటికి వెలుగు పంపే చినుకులు వేరు, మీ కంటికి పంపేవి వేరు. దీన్ని వివరించమంటే మీ సైన్సు మాస్టారిని అడగండి. నాకు మాత్రం ఇన్నేళ్లొచ్చినా ఆశ్చర్యం తీరలేదు.

సరే, దేవుడు మాటివ్వడం అంటే ఏమిటో చెప్పాలి. దానికి నాకు ఎద్దులు కావాలి.

మాది అసలు బొబ్బిలి దగ్గర పల్లె. కెనడా బాప్టిస్టు మిషన్ రోజుల్లో క్రైస్తవులైన కుటుంబం, చెరువు కింద కొద్దిపాటి భూమి. మా అయ్యకి ఒక్కటే ఎద్దు. ఒంటెద్దు రైతు అంటే దుక్కి సాగదు కదా, కాడికి రెండు కావాలి. అందుకని ఒక్కో ఎద్దున్న ఇద్దరు రైతులు పొత్తు పెట్టుకునేవాళ్లు, ఈ రోజు నీ మడి, రేపు నా మడి. కాగితం లేదు, సాక్షి లేదు. మా అయ్యకి పొత్తు పక్క పొలం మావ. ఆయన బైబిలు తెరిచినవాడు కాదు, ఏటా పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఇంటిల్లిపాదినీ బండెక్కించుకుని విజయనగరం తీసుకెళ్లే మనిషి.

ఒక ఏడు సరిగ్గా దమ్ము పట్టే వేళకి మా ఎద్దు గట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆకుమడిలో నారు ముదిరిపోతోంది. మా అయ్య వెళ్లి, ఇంక నువ్వు వేరే పొత్తు చూసుకో, నా వల్ల నీ ఉబాలు, అదే నీ నాట్లు, చెడిపోకూడదు అన్నాడు. పొత్తు అన్నాక అదే న్యాయం, నీ ఎద్దు ఉంటేనే నా ఎద్దు. మావ చుట్ట తీసి పక్కన పెట్టి, "నీ ఎద్దు పడిందని నా మాట కూడా పడిపోద్దేటి?" అన్నాడు. వాళ్ల అత్తారింటికి పోయి రెండో ఎద్దు తోలుకొచ్చి, తన మడి అలా ఉంచి ముందు మా మడికే దమ్ము పట్టాడు, మా నారు ముదిరిందని. నేను గట్టు మీద చోడి అంబలి కుండ పట్టుకుని కూర్చున్నాను. వానలో ఆ మనిషి వీపు మీంచి నీళ్లు కారడం, ఎద్దుల్ని అదిలించడం, మధ్యలో మా అయ్యని చూసి ఏదో ఎకసెక్కం ఆడడం, అన్నీ గుర్తే. ఆ వయసులో నా బెంగంతా అంబలి మాకు మిగులుతుందా లేదా అనే.

ఇప్పుడు ఆదికాండం పదిహేను తియ్యండి. అబ్రాహాముకి ఇంకా పిల్లల్లేరు. దేవుడు బయటికి తీసుకొచ్చి నక్షత్రాలు లెక్కపెట్టు, నీ సంతానం అలా అవుతుందన్నాడు. ఈ భూమి కూడా నీకిస్తానన్నాడు. అది నాకే వస్తుందని ఎలా తెలుస్తుంది అని అడిగాడు అబ్రాహాము. ఒక పెయ్య, ఒక మేక, ఒక పొట్టేలు, ఒక గువ్వ, ఒక పావురం పిల్ల తెమ్మన్నాడు దేవుడు. ఆ రోజుల్లో పెద్ద ఒప్పందాలు అలాగే చేసేవాళ్లు. జంతువుల్ని రెండుగా ఖండించి ఎదురెదురుగా పెట్టి, ఒప్పందం చేసుకున్నవాళ్లు మధ్యలోంచి నడిచేవాళ్లు, మాట తప్పితే నా గతీ ఇదే అని. యిర్మియా ప్రవక్త గ్రంథం ముప్పై నాలుగో అధ్యాయంలో కూడా ఈ పద్ధతి కనబడుతుంది. అబ్రాహాము అన్నీ పేర్చాడు. గద్దలు వాలబోతే తోలుకుంటూ కూర్చున్నాడు. (ఆ గద్దల్ని తోలడం నాకెంతో ఇష్టం. విశ్వాసులకు తండ్రి అంటారు, ఆయన కూడా ఎండలో కూర్చుని హుష్ హుష్ అన్నవాడే.) పొద్దుగుంకింది, గాఢనిద్ర పట్టేసింది. అప్పుడు పొగలు రాజుకున్న పొయ్యీ మండే జ్వాలా ఆ ముక్కల మధ్య నడిచిపోయాయి. అబ్రాహాము నడవలేదు. దేవుడు ఒక్కడే నడిచాడు. అంటే మాట భారం రెండువైపులదీ ఆయనే మోసుకున్నాడు, మా ఎద్దు గట్టు కింద పడి ఉండగా మావ రెండో ఎద్దు తెచ్చుకున్నట్టు.

అన్ని నిబంధనలూ ఒకేలా ఉండవు, ఇది కూడా తెలుసుకోవాలి. సీనాయి కొండ దగ్గర ఇశ్రాయేలీయులతో చేసినదానిలో "మీరు నా మాట వింటే" అనే షరతు ఉంది. జనం ఒక్క గొంతుతో యెహోవా చెప్పినవన్నీ చేస్తామన్నారు. మోషే కొండ మీద నలభై రోజులుండి దిగేసరికి దూడ! కాడికి ఎద్దుని కట్టవయ్యా అంటే బంగారం కరిగించి దూడని పోతపోసుకున్నారు. అక్కడి నుంచి రాజుల కాలం దాకా మన వైపు ఎద్దు ఎప్పుడూ పడుకునే ఉంది. అప్పుడు యిర్మియా ముప్పై ఒకటిలో దేవుడు కొత్త నిబంధన చేస్తానన్నాడు, రాతిపలకల మీద కాదు, హృదయాల మీద రాస్తానన్నాడు.

ఈ ఎద్దుల గోల ఎంతసేపు తాతయ్యా, మాకు ట్రాక్టరే తెలుసు అంటారని తెలుసు. ఇంకొక్క సాలు తోలనివ్వండి. యేసుప్రభువు శిష్యులతో చివరి భోజనం చేస్తూ గిన్నె పట్టుకుని, ఇది మీకోసం చిందించే నా రక్తం వలననైన కొత్త నిబంధన అన్నాడని లూకా రాశాడు. మాట తప్పినవాడి గతి ఆ జంతువుల గతి అవ్వాలి కదా. మాట తప్పింది మనం, ఆ గతి తెచ్చుకుంది ఆయన. అందుకే బల్ల ఆదివారం, అంటే ఆ భోజనాన్ని గుర్తు చేసుకునే ఆదివారం, పెద్దవాళ్లు ఆ చిన్న గ్లాసు తీసుకునేటప్పుడు మీరు వెనక బెంచీల్లో బిస్కెట్ పేకెట్లు చప్పుడు చెయ్యొద్దని నేను కసురుకునేది. ఆ ప్రభువే నా కాడి ఎత్తుకోండి, అది సుళువు అన్నాడు. అవతలి పక్క ఆయనే ఉంటే సుళువు కాక ఏమవుతుంది? అలాగని మనం గట్టు మీద పడుకోమని కాదు. ఆ ఏడు నూర్పులకి మా అయ్య మా కళ్లం వదిలేసి మావ కళ్లంలో పని చేశాడు. ఎవరూ అడగలేదు, షరతూ లేదు.

మరి తిత్లీ ఎందుకొచ్చింది? బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు కూడా ఎందుకు అనే అడిగాడు. దేవుడు సుడిగాలిలోంచే జవాబిచ్చాడు గానీ ఎందుకో చెప్పలేదు, సముద్రానికి తలుపులు మూసిందెవరని ఎదురు అడిగాడు. నేను యోబు కన్నా ఎక్కువ చెప్పలేను, చెప్పేవాడెవడైనా వస్తే కొంచెం అనుమానంగానే వినండి. ఫలానా ఊరివాళ్ల పాపం వల్ల వచ్చిందనేవాణ్ణి అసలు వినకండి.

ఇక వాగ్దానం కార్డుల సంగతి, అదే ఏడాదికొక బైబిలు వచనం రాసి ఉండే కార్డులు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనమంతా తలా ఒక కార్డు తీసుకుంటాం, ఇంటికెళ్లి బీరువాకి అంటిస్తాం. మంచిదే, వాక్యం కళ్లముందుంటుంది. కానీ కొందరు దాన్ని లాటరీ టికెట్టులా చూస్తారు, ఈ ఏడు ఇల్లొస్తుంది, కారొస్తుంది, టెన్త్‌లో ఫస్టొస్తుంది అని. నిన్ను తలగా నియమిస్తాను గాని తోకగా కాదు అనే కార్డు వస్తే మనవాళ్ల ఆనందానికి హద్దుండదు. ద్వితీయోపదేశకాండం ఇరవై ఎనిమిదిలోది అది. ఆ అధ్యాయంలో దీవెనలు మొదటి 14 వచనాలు, తర్వాత 54 వచనాలు మాట వినకపోతే వచ్చే శాపాలు. వాటిని ఎవరూ కార్డు వెయ్యరు!

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది యిర్మియా ఇరవై తొమ్మిది పదకొండు, మీకు రాబోవు కాలంలో నిరీక్షణ కలిగించే సమాధానకరమైన ఉద్దేశాలు అని. ఆ మాట ఎవరికి రాశారో తెలుసా? బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్లకి, ఉత్తరంగా. పైన పదో వచనంలో 70 ఏళ్లు అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఊరు చూడరు, వాళ్ల మనవలు చూస్తారు. మరి ఆ 70 ఏళ్లూ ఏం చెయ్యమన్నాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్నం బాగు కోసం ప్రార్థన చెయ్యండి అన్నాడు. చెరపట్టినవాళ్ల పట్నం బాగు కోసమే! దేవుడి మాట నమ్మినవాడు చేతులు కట్టుకుని కూర్చోడు, మొక్క నాటతాడు. కవిటి అమ్మాయీ, మీ నాయనమ్మ తిత్లీ పోయిన తర్వాత మళ్లీ కొబ్బరి నాటింది కదా, ఆరేడేళ్లకి గాని కాయని మొక్క అని తెలిసే నాటింది. ఎందుకు నాటావని ఆవిణ్ణే అడుగు. నా ఉత్తరం కన్నా మంచి జవాబు చెబుతుంది.

ఇంకొక్క మాట మీకోసమే. ఊరు అనే పట్టణం నుంచి, అంటే ఇప్పటి ఇరాక్ దేశం నుంచి బయల్దేరిన ముసలాయనకి ఇచ్చిన మాటలో భూమి మీది సమస్త వంశాలూ అని ఉంది. క్రీస్తు సంబంధులైతే మీరూ అబ్రాహాము సంతానమే, వాగ్దానానికి వారసులే అని పౌలు గలతీయులకి రాశాడు. మీ ఇంటిపేర్లు ఆ లెక్కలోవే.

ఇంటిపని ఇస్తున్నాను. మీ ఇంట్లో బీరువా మీదున్న ఈ ఏటి కార్డు చూడండి. ఆ వచనం ఒక్కటే కాదు, ఆ అధ్యాయం మొదటి నుంచి చివరి దాకా చదివి, ఆ మాట ఎవరు ఎవరికి చెప్పారు, అప్పుడు వాళ్లు ఎక్కడున్నారు, షరతు ఏమైనా ఉందా అని కార్డు వెనక పెన్సిలుతో రాయండి. అమ్మని అడిగి తియ్యండి, జిగురుతో అంటించినవైతే పీకకండి, నోట్‌బుక్కులో రాస్తే చాలు. కీర్తనలు వచ్చినవాళ్లకి పని తక్కువ, యెషయా వచ్చినవాళ్లు నాకు ఫోన్ చెయ్యండి, సాయంత్రం ఆరు దాటాక అయితే ఖాళీగా ఉంటాను.

మీ తాతయ్య,
సోంపేట