నాన్న కుర్చీలో కూర్చుంటే

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "చనిపోయిన మా నాన్నతో మాట్లాడమని కౌన్సెలర్ ఖాళీ కుర్చీ చూపించారు. ఇది వైద్యమా, సోదె చెప్పించుకోవడమా?"

వైద్యమేనండీ. సైకోడ్రామా అంటారు. దీనికి ఆద్యుడు జాకబ్ లెవీ మొరీనో అనే వైద్యుడు. 1921 ఏప్రిల్ 1న వియన్నాలో రంగస్థలం మీద సింహాసనం లాంటి ఎర్ర మఖమలు కుర్చీ వేసి, కిరీటం పెట్టి, "రండి, రాజై పాలించండి" అని ప్రేక్షకులను పిలిచాడు. యుద్ధంలో ఓడి, చక్రవర్తి పోయి, దారీతెన్నూ తోచని దేశమది. ఒక్కరూ నెగ్గలేదట! తర్వాత అమెరికా వెళ్లి, 1936లో బీకన్‌లో ఆసుపత్రి పెట్టాడు.

అసలు కిటుకు పాత్రల మార్పిడిలో ఉంది. "ఇంటర్ తర్వాత నన్నెందుకు చదివించలేదు నాన్నా?" అని మీరు కుర్చీని నిలదీస్తారు. అప్పుడు వైద్యుడు మిమ్మల్నే ఆ కుర్చీలో కూర్చోబెడతాడు. నడుము వంగుతుంది, భుజాన లేని కండువాను చెయ్యి సర్దుకుంటుంది. "ఆ ఏడు యార్డులో మన మిర్చిని అడిగే నాథుడు లేడు. మీ అమ్మకే చెప్పలేదు, నీకేం చెప్పనమ్మా!" ఆ మాట మీ నోటి నుంచే వస్తుంది. మీరు మళ్లీ మీ చోటికి వచ్చాక, చుట్టూ కూర్చుని చూస్తున్నవాళ్లలో ఒకరు సహాయ పాత్రధారిగా, నాన్న వేషంలో అదే మాట మీతో అంటాడు. సోదెలో చనిపోయినవారి మాట ఇంకొకరు పలుకుతారు, మీరు వింటారు. ఇక్కడ పలికేదీ మీరే, వినేదీ మీరే. నాన్న గురించి మీకు తెలిసీ పైకి తేలనిదే బయటపడుతుంది.

దీని వెనక మెదడులో ఏం జరుగుతుండవచ్చు? 2000లో కరీం నాదర్, గ్లెన్ షేఫ్, జోసెఫ్ లెడూ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు ఒక శబ్దమంటే భయం నేర్పారు. తర్వాత ఆ శబ్దం మళ్లీ వినిపించి, వెంటనే మెదడులో భయానికి కీలకమైన అమిగ్డలా అనే భాగంలోకి అనైసోమైసిన్ ఎక్కించారు. ప్రోటీన్ల తయారీని ఆపే మందది. భయం పోయింది. శబ్దం వినిపించకుండా మందు మాత్రమే ఇస్తే భయం చెక్కుచెదరలేదు! అంటే గుర్తుచేసుకున్న జ్ఞాపకం కరిగిన నెయ్యి లాంటిది. కొత్త ప్రోటీన్లతో మళ్లీ పేరుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది, ఈలోగా వేసింది అందులో కలిసిపోతుంది. కుర్చీ మారడం నెయ్యిని కరిగిస్తుంది, ఊహించని జవాబు అందులో పడుతుంది. ఎలుక నుంచి మనిషికి ఇది పెద్ద గెంతే; సైకోడ్రామా విషయంలో ప్రస్తుతానికి ఊహ మాత్రమే.

పూనకం దిగాక చాలామంది ఏమీ గుర్తులేదంటారు. ఇక్కడ గుర్తుండటమే చికిత్స. అందుకే నాటకం ముగిశాక సహాయ పాత్రధారి తన సొంత పేరు చెప్పి నాన్న వేషం దించుకుంటాడు. చూసినవాళ్లు తమ జీవితంలో అది ఎక్కడ తగిలిందో చెప్పాలి, సలహాలివ్వకూడదు. మనవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే.