అలల కోసం పెట్టిన నిబంధన, అలలు లేపని పడవ

విద్యుత్ హైడ్రోఫాయిల్ పడవల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాట బ్యాటరీ మీదికే పోతుంది. అసలు పేచీ వేగ పరిమితి దగ్గర ఉందని తేల్చింది మాత్రం స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్.

నీటి కింద రెక్కలు (హైడ్రోఫాయిల్స్) అమర్చి పడవను పైకి లేపే విద్య పాతదే. సోవియట్ ప్రయాణికుల పడవ ‘రకేతా’ 1957లోనే వోల్గా నది మీద గోర్కీ నుంచి కజాన్‌కు 420 కిలోమీటర్లు ఏడు గంటల్లో వెళ్లింది. అది డీజిల్ కాలం. బరువులో డీజిల్‌తో ఏమాత్రం పోటీపడలేని బ్యాటరీతో వేగంగా పోవాలంటే నీటి రాపిడిని తప్పించుకోక తప్పదు కనుక, రెక్కల అవసరం ఇప్పుడే ఎక్కువైంది.

స్వీడన్‌కు చెందిన కాండెలా సంస్థ తయారుచేసిన పీ-12 విద్యుత్ హైడ్రోఫాయిల్ పడవలో 30 మంది ప్రయాణించవచ్చు. దాని వేగం 25 నాట్లు, అంటే గంటకు సుమారు 46 కిలోమీటర్లు. 2024 అక్టోబరులో స్టాక్‌హోమ్ శివారులోని ఎకెరో నుంచి నగరం నడిబొడ్డుకు ప్రయోగాత్మకంగా నడపబోయినప్పుడు, ఆ జలమార్గంలో 12 నాట్ల పరిమితి అడ్డు నిలిచింది. పడవల వెనుక లేచే అలలు ఒడ్డును కోసేయకుండా, కట్టి ఉన్న పడవలను కుదిపేయకుండా చూడడమే ఇలాంటి పరిమితుల ముఖ్య ఉద్దేశం. చిత్రమేమిటంటే, 12 నాట్ల వద్ద ఈ పడవ నీటిని వదిలి లేవనే లేవదు. నిబంధనను తు.చ. తప్పక పాటిస్తే, ఏ అలలను తప్పించడానికి దాన్ని తయారుచేశారో ఆ అలలనే లేపుకుంటూ పోవాలి. అధికారులు మినహాయింపు ఇచ్చారు. సాంకేతికంగా ఎన్ని మెరుగులు దిద్దినా, ఈ రవాణాకు దారి తెరిచింది ఆ మినహాయింపే.

అంతకు ముందు, 2017లో, పారిస్‌లో సీన్ నది మీద పరీక్షించిన సీబబుల్స్ అనే విద్యుత్ హైడ్రోఫాయిల్ పడవ కూడా వేగ పరిమితి, అనుమతుల దగ్గరే చిక్కుపడింది. అక్కడ పడవ చిన్నది, చిక్కు మాత్రం ఇదే.

వేగ పరిమితి ఒక్క అలల కోసమే కాదని, తెడ్డు పడవల వారికి పక్కకు తప్పుకునే వ్యవధి కూడా ఉండాలని అభ్యంతరం ఉంది. అది కొట్టిపారేయదగినది కాదు. కానీ దానికి సమాధానం మార్గాన్ని వేరు చేయడంలో వెతకాలి గానీ, పడవను నీళ్లలోకి దించడంలో కాదు.

ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఆర్టెమిస్ సంస్థ 150 మంది పట్టే ఇలాంటి పడవకు రూపకల్పన చేసింది. 30 మంది పడవకు ప్రయోగం పేరుతో దొరికిన సడలింపు అంత పెద్ద పడవకు కూడా వర్తించాలంటే, పరిమితిని నాట్లలో కాక అల ఎత్తులో కొలిచేలా నిబంధననే తిరగరాయాలి.