మూడో పట్టా వేయడం తేలికే, తంటా అంతా స్టేషన్‌లోనే

బంగ్లాదేశ్‌లో రైల్వే లైన్ మాట ఎత్తగానే ఒక ప్రశ్న వస్తుంది: రెండు పట్టాలా, మూడా? దీని వెనక నూటయాభై ఏళ్ల కథ ఉంది.

గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో, బంగ్లాదేశ్ ఇంకా కలిసే ఉన్న మన దేశానికి, పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్ల దూరం ఉండే బ్రాడ్ గేజ్ ఖాయమైంది. 1862లో కలకత్తా వైపు నుంచి ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కుష్టియా దాకా వచ్చిన లైన్ అదే కొలతతో వేశారు. 1870లో, వైస్రాయ్ లార్డ్ మేయో హయాంలో, ఖర్చు తగ్గుతుందని పట్టాల మధ్య ఒక్క మీటరే దూరం ఉండే మీటర్ గేజ్ తెచ్చారు. దాంతో 1885 నుంచి ఢాకా చుట్టుపక్కల, ఆ తర్వాత చిట్టగాంగ్ వైపు వేసినవన్నీ మీటర్ గేజ్ లైన్లే. పడమట ఎక్కువగా బ్రాడ్ గేజ్, తూర్పున మీటర్ గేజ్, మధ్యలో జమునా నది. వంతెన లేనన్నాళ్లూ ప్రయాణికులు ఎలాగూ ఫెర్రీ ఎక్కి దిగాల్సిందే కాబట్టి గేజ్ తేడా పెద్దగా బాధించలేదు.

1998లో జమున మీద వంతెన తెరిచాక అసలు చిక్కు బయటపడింది. వంతెన దాటే దారికి డ్యూయల్ గేజ్ ఎంచుకున్నారు. ఒక పట్టా రెండు రకాల బళ్లకీ ఉమ్మడి, మిగతా రెండూ ఎవరి కొలతకి వాళ్లవి. 2008లో కలకత్తా నుంచి మైత్రీ ఎక్స్‌ప్రెస్ ఢాకా దాకా వెళ్లగలిగిందంటే ఈ మూడో పట్టా పుణ్యమే.

ఖర్చు విషయానికొస్తే, పల్లెల మధ్య సాగే లైన్‌లో అదనంగా పడేది ఒక వరస పట్టా, దాన్ని బిగించే సామాను, మూడు పట్టాలకు సరిపడే స్లీపర్లు. స్టేషన్ యార్డులో లెక్క మారిపోతుంది. ఒక దారి రెండుగా చీలే మామూలు పాయింట్ దగ్గర పట్టాలు ఒకదాన్నొకటి ఒక్కచోటే దాటుతాయి. రెండు దారులూ మూడు పట్టాలవైతే మూడుచోట్ల దాటాలి. క్రాసింగులు, కదిలే పట్టాలు, వాటిని కాపలా కాసే సిగ్నలింగ్, అన్నీ పెరుగుతాయి. పైగా ఉమ్మడి పట్టా రెండు గేజ్‌ల బళ్లనూ మోస్తుంది కనుక ముందు అరిగేది అదే.

ప్లాట్‌ఫాం గొడవ ఇంకొకటి. బ్రాడ్ గేజ్ పెట్టె వెడల్పు దాదాపు 3.25 మీటర్లు, మీటర్ గేజ్ పెట్టెది 2.75. ఉమ్మడి పట్టా ప్లాట్‌ఫాం వైపు ఉంటే రెండు పెట్టెల అంచుల మధ్య తేడా 9 సెంటీమీటర్లే, సర్దుకోవచ్చు. అవతలి వైపు ఉంటే మాత్రం అది 59 సెంటీమీటర్లవుతుంది. అంటే రెండడుగుల ఖాళీ! పిల్లల్ని ఎత్తుకుని ఎక్కేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. యార్డంతా ఉమ్మడి పట్టా ఒకే వైపు ఉంచితే, రెండు లైన్ల మధ్య కట్టిన ప్లాట్‌ఫాంకి ఒక వైపు బాగుంటుంది, రెండో వైపు ఈ ఖాళీ తప్పదు. ఉమ్మడి పట్టాను ఎడమ నుంచి కుడికి మార్చే ఏర్పాటు చేయొచ్చు గానీ, దానికి మళ్లీ ఖర్చు, నిర్వహణ. బోగీల నేల ఎత్తు కూడా ఒకటి కాదు. కాబట్టి పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫాంలు గేజ్ వారీగా పంచుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

ఇలాంటి రెండు గేజ్‌ల చిక్కు మన దగ్గరా ఉండేది. సికింద్రాబాద్‌కు 1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి బ్రాడ్ గేజ్ వచ్చింది. 1900 నాటికి మహారాష్ట్రలోని మన్మాడ్ నుంచి మీటర్ గేజ్ కూడా వచ్చి చేరింది. ఒకే ఊళ్లో రెండు గేజ్‌లు దశాబ్దాల పాటు పక్కపక్కనే నడిచాయి. 1992లో యూనిగేజ్ పథకం మొదలుపెట్టి భారత రైల్వే దాదాపు అంతటినీ బ్రాడ్ గేజ్‌కు మార్చుకుంటూ వచ్చింది. మార్పిడి కోసం లైన్లు నెలల తరబడి మూసినా, మిగతా బ్రాడ్ గేజ్ దారుల మీదుగా దేశం నడిచింది. ఢాకా–చిట్టగాంగ్ లైన్‌కి ఆ వెసులుబాటు లేదు. చిట్టగాంగ్ ఓడరేవు నుంచి ఢాకాకు రైల్లో వెళ్లే సరుకంతా దాని మీదే. అందుకే ఆ లైన్‌లో అఖౌరా–లక్సం మధ్య 72 కిలోమీటర్లు డ్యూయల్ గేజ్ చేశారు, 2023లో తెరిచారు. జమున మీద 2025లో తెరిచిన ప్రత్యేక రైలు వంతెన కూడా డ్యూయల్ గేజే.

పద్మా వంతెన మీది లైన్ మాత్రం బ్రాడ్ గేజ్ ఒక్కటే. 2023లో అది తెరిచాక కూడా, చిట్టగాంగ్ మీటర్ గేజ్ బండి ఢాకా దాటి ఆ దారిలో ముందుకెళ్లే వీల్లేదు.